బంతి మేడమ్ సాక్ష్యం

నరసరావుపేటలో తహసీన్‌ను ఇప్పటికీ బంతి మేడమ్ అనే పిలుస్తారు. ఆమె బంతి ముట్టి చాలా కాలమైంది. కూరగాయల బజారుకు వెళ్తే బీరకాయలు తూచే ఆమె కూడా, "ఏం బంతి మేడమ్, పిల్లల్ని మళ్లీ ఎప్పుడు ఆడిస్తారు?" అంటుంది. తహసీన్ సంచి తెరిచి పట్టుకుంటుంది. అడిగినామె మంచి మనసుతోనే అడిగింది. ఆమెను అనడానికేం లేదు.

తహసీన్ తండ్రి మక్బూల్ మెకానిక్. పొలాలకు నీళ్లు తోడే ఇంజన్లు, మందు కొట్టే పంపులు బాగుచేస్తాడు. షెడ్డు వెనకే ఇల్లు. డీజిలు వాసన, పంపుల అడుగున మిగిలిన పురుగుమందు వాసన, తల్లి చాంద్ బీ పెట్టే పోపు వాసన, మూడూ కలిసిన గాలిలోనే ఆ పిల్ల పెరిగింది.

రైల్వేలో పనిచేసి దిగిపోయిన అలీ సాహెబ్ అనే పెద్దాయన సాయంత్రాలు మగపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పేవాడు. తహసీన్ అన్నలిద్దరూ చెల్లెల్ని వెంట తీసుకెళ్లి, బంతి బయటికి పోతే తెచ్చివ్వమని గీత అవతల నిలబెట్టారు. ఆమె తెచ్చివ్వలేదు. అక్కడి నుంచే తన్నింది. అది నేరుగా అలీ సాహెబ్ కాళ్ల దగ్గరకొచ్చి ఆగింది. మర్నాడు ఆయన షెడ్డుకొచ్చి, "మక్బూల్, నీ కొడుకులిద్దర్నీ ఇంట్లో పెట్టుకో. ఆ పిల్లను నాకు పంపు" అన్నాడు.

చాంద్ బీ తలుపు వెనక నుంచే అందుకుంది. "కాళ్లు కనపడేట్టు ఎగిరితే రేపు దీన్ని ఎవరు చేసుకుంటారు భాయ్?"

"కనపడకుండా ప్యాంటు కుట్టు ఆపా. కుట్టుమిషను ఉంది గదా నీకు" అన్నాడాయన.

కుట్టింది. పడి చిరిగినప్పుడల్లా తిడుతూ మళ్లీ కుట్టింది. ఆ ప్యాంట్లతోనే తహసీన్ జిల్లాకు ఆడింది, రాష్ట్రానికి జూనియర్లలో ఆడింది, యూనివర్సిటీకి ఆడింది. ఆమెకు బంతి వస్తే అవతలి పిల్లలు ముందే రెండడుగులు వెనక్కి వేసేవారట. పేపర్లో ఒకసారి ఫోటో పడితే మక్బూల్ దాన్ని షెడ్డులో స్పానర్ల పైన అంటించాడు. వచ్చిన రైతులందరికీ చూపించేవాడు.

తర్వాత ఒక ఆటలో మోకాల్లో ఏదో పుటుక్కుమంది. ఇంట్లోవాళ్లు ఎముక విరిగిందేమో అనుకుని గుడ్డు సొనతో కట్టు కట్టించారు. వాపు తగ్గింది, నడక వచ్చింది. నయమైందనే అందరూ అనుకున్నారు. మళ్లీ పరుగెత్తిన రోజే మోకాలు పక్కకు తిరిగిపోయింది. లోపల తెగింది ఎముక కాదనీ, ఇక పరుగులు మానుకోవాలనీ గుంటూరు డాక్టరు చెప్పాడు. అప్పుడు తహసీన్ ఏడవలేదు. ఇంటికొచ్చి బూట్లు కడిగి ఎండలో పెట్టింది. అవి ఎండాక ఏడ్చింది.

చదువు పూర్తిచేసి, ఊళ్లోనే ఒక ఆడపిల్లల కాలేజీలో ఆటల మేడమ్‌గా చేరింది. ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. అక్కడ అంతకుముందు ఆటలంటే కుర్చీలాట, ముగ్గుల పోటీ. పల్లెల నుంచి బస్సుల్లో వచ్చే పిల్లల్ని ఒక్కొక్కరినీ బతిమాలి, వాళ్ల తల్లులను బతిమాలి, జట్టు కట్టింది. తన కాలు ఆగిపోయిన దారిలో ఒక్క పిల్లనైనా ముందుకు పంపాలని ఆమె కోరిక. ఆ ఒక్క పిల్ల హెప్సిబా అని ఆమెకు చూడగానే తెలిసింది.

హెప్సిబాది నాదెండ్ల వైపు పల్లె. తండ్రి బెంజిమిన్ కౌలుకు మిరప వేస్తాడు. తల్లి మరియమ్మ కూలికి పోతుంది. క్యాంటీను దగ్గర ఎవరి చేతిలోంచో నీళ్ల సీసా జారితే, నేల తాకకముందే ఆ పిల్ల వంగి పట్టుకుంది. తహసీన్ ఆ మధ్యాహ్నమే ఆమెను తీసుకెళ్లి గోలు ముందు నిలబెట్టింది.

"మేడమ్, దానియ్యి చేతులు కాదు, దోటికర్రలు" అని నవ్వింది జట్టు కెప్టెన్ సంజన.

"అవునే, మీ ఇంటి చెట్టు మునక్కాయలు కోసేది నేనేగా మరి" అంది హెప్సిబా.

నవ్వించే పిల్ల. గోలు వదిలేస్తే మాత్రం ఆ పూట అన్నం తినేది కాదు. వట్టి చేతులతో ఆపి ఆపి వేళ్లు వాచిపోతుంటే తహసీన్ తనే గ్లౌజులు కొనిచ్చింది. లోపల మెత్తటి స్పాంజి ఉండే మంచి రకం. ఆ పిల్ల వాటిని బస్సులో కూడా తీసేది కాదు.

ఆ ఏడు మిరపకు నల్ల తామర పురుగు పట్టింది. రైతులు రోజు విడిచి రోజు మందు కొట్టారు. ఆ కాలంలో పల్నాడులో బస్సెక్కినా, బడికి పోయినా, పెళ్లికి పోయినా అదే వాసన. పొయ్యి ముందు కూర్చునేదానికి తన కొంగుకు పట్టిన పొగ తెలియనట్టే, ఆ వాసన ఎవరికీ తెలియదు.

అప్పుడే విజయపురి సౌత్‌లో కాలేజీల పోటీలు పెట్టారు. రాష్ట్ర జట్టుకు పిల్లల్ని ఎంచేవాళ్లు అక్కడికి వస్తారని కబురు. హెప్సిబా మూడు రోజులు ప్రాక్టీసుకు రాలేదు. నాలుగో రోజు తెల్లవారేసరికి బస్సు దగ్గర నిలబడి ఉంది.

"ఏమే, ఏమైపోయావు?" అంది తహసీన్.

"నాన్నకు నడుం పట్టేసింది మేడమ్. చేలో పని ఉంటే పోయా. ఇయ్యాల మాత్రం ఒక్క గోలు కూడా పోనియ్యను, చూడండి."

మాచర్ల దాటక ముందే ఆ పిల్ల వాంతి చేసుకుంది. బస్సు పడలేదని అందరూ అనుకున్నారు. తహసీన్ నిమ్మకాయ చేతిలో పెట్టి వాసన చూడమంది. తల నొప్పంటే నుదుటికి మందు రాసింది. చెమటలు కారుతుంటే ఎండ ఎక్కువగా ఉందనుకుంది. బస్సు దిగాక, "ఆడగలవా?" అని అడిగింది. "ఆడతా మేడమ్, ఆడకపోతే చస్తా" అంది పిల్ల. నవ్వుతూనే అంది.

ఆడింది. మొదటి సగంలో ఏ బంతినీ పోనివ్వలేదు. ఎంచడానికి వచ్చిన పెద్దమనిషి కుర్చీ ముందుకు జరుపుకోవడం తహసీన్ చూసింది. ఆమెకు ఆ ఏడు అంతకన్నా సంతోషం లేదు. రెండో సగం మొదలయ్యాక మెల్లగా వచ్చిన ఒక బంతి హెప్సిబా కాళ్ల మధ్య నుంచి పోయింది. అందరూ అరిచారు. పిల్ల వెనక్కి తిరిగి చూడలేదు. అలాగే మోకాళ్ల మీద కూలబడింది. నోటి నుంచి చొంగ కారుతోంది. చేతి కండలు వాటంతట అవే అదురుతున్నాయి.

మాచర్ల ఆసుపత్రిలో డాక్టరు కంటిరెప్ప ఎత్తి చూసి, వెంటనే సూది వేయమని అరిచాడు. తర్వాత తహసీన్ వైపు తిరిగాడు. "ఏం తాగింది?"

"నీళ్లే తాగిందండీ."

"నీళ్లు కాదమ్మా, పురుగుల మందు. ఇంట్లో గొడవలా? ఎవరన్నా కుర్రాడా?"

పొద్దు గుంకేలోపల హెప్సిబా పోయింది.

ఆడపిల్ల పురుగుమందుతో పోతే పల్నాడులో ఇంకో కారణం వెతకరు. వార్త శవం కంటే ముందు పల్లెకు చేరింది. ప్రేమ అన్నారు. కడుపన్నారు. మర్నాడు శవాల గది ముందు మరియమ్మ నేల మీద పడి ఉంటే, చుట్టపామె ఒకతి అక్కడే, "అంత కష్టం ఏమొచ్చిందే నీ కూతురికి, నీకన్నా చెప్పలా?" అని అడిగింది. మందు తాగి పోయినవాళ్లను సంఘం సమాధుల స్థలంలో పెట్టడం కుదరదనీ, ప్రార్థన చేయలేననీ పాస్టరు ఫోనులో చెప్పాడు. బెంజిమిన్ ఆ ఫోను చెవి దగ్గరే పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. అవతల ఎవరూ లేరు.

తహసీన్ దగ్గర పిల్ల బ్యాగు ఉండిపోయింది. తల్లికి ఇద్దామని జిప్పు తీసింది. మూసిన బ్యాగులోంచి వాసన ఒక్కసారిగా మొహానికి కొట్టింది. తండ్రి షెడ్డులో పంపు మూత విప్పితే వచ్చే వాసన. గ్లౌజులు ఇంకా తడిగానే ఉన్నాయి. ఆమె జిప్పు లాగి మూసింది. వెళ్లి బెంజిమిన్ ముందు కూర్చుంది.

"మామా, చేలో మందు ఎవరు కొట్టారు?"

"నేను లేవలేకపోతిని గదమ్మా. హెప్సీనే కొట్టింది. రోజుకింత చొప్పున మూడు రోజులూ అదే కొట్టింది. నేను కలిపిచ్చా." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "వట్టి చేతులొద్దే, మండుద్దే అన్నా. మేడమ్ ఇచ్చినయ్ ఉన్నయ్‌గా నాన్నా, మెత్తగా ఉన్నయ్, చెయ్యి మండదు అంది. ఏసుకుని..."

అక్కడ ఆగిపోయాడు. చెబుతూ చెబుతూ ఉండగానే ఆయనకు అర్థమైంది. స్పాంజి మూడు రోజులు మందు పీల్చింది. ఆ పిల్ల వాటినే తొడుక్కుని చెమటతో ఎండలో ఆడింది. ఆయన తల గోడకేసి కొట్టుకున్నాడు. మరియమ్మ పాకుతూ వచ్చి ఆయన తలకూ గోడకూ మధ్య తన చెయ్యి పెట్టింది.

అంతలోనే తహసీన్‌కు ఫోను వచ్చింది. కాలేజీ కమిటీలో పెద్ద నరసింహారావు. పిల్ల చేలో మందు కొట్టిందనీ, బస్సులో వాంతి చేసుకుందనీ అప్పటికే ఆయన చెవిన పడింది.

"అమ్మాయ్, పోలీసోళ్లు అడిగితే నీకేం తెలవదని చెప్పు. తాగిందంటే అది వాళ్లింటి గొడవ. అంటుకుని పోయిందంటే, వాంతులు చేసుకునే పిల్లను ఆడించారని మన మెడకు చుట్టుకుంటది. నీ టీమూ ఉండదు, నువ్వూ ఉండవు. ఆ మిగిలిన పిల్లల్నన్నా చూసుకో."

ఆయన అన్నది అబద్ధం కాదు. ఆ మిగిలిన పిల్లలు రాత్రంతా ఇళ్లకు పోకుండా ఆసుపత్రి మెట్ల మీదే, ఇంకా ఆట బట్టల్లోనే, ఒకరినొకరు పట్టుకుని కూర్చున్నారు. సంజన తప్ప తక్కిన వాళ్లందరివీ కూలి ఇళ్లే. ఈ ఆట పోతే వాళ్లలో ఒక్కరూ మళ్లీ గ్రౌండు ముఖం చూడరు. తహసీన్ వాళ్లను చూసింది. లోపల తెల్ల గుడ్డ కింద ఉన్న పిల్లను తలుచుకుంది. ఆ పిల్లకు ఇక మిగిలింది పేరొక్కటే. దాన్ని కూడా తీసుకుని తన జట్టును నిలబెట్టుకోవడం ఆమెకు చేతకాలేదు.

కానిస్టేబులు వచ్చి తెలిసినట్టే మొదలుపెట్టాడు. "మందు తాగింది, అంతేగా?"

"తాగలేదు. ఒంటికి అంటుకుని పోయింది" అంది తహసీన్. బ్యాగు ఆయన ముందు పెట్టింది. "బస్సులో వాంతి చేసుకుంది. నేను బస్సు పడలేదనుకున్నా. ఆడిచ్చింది నేనే. ఆ గ్లౌజులు ఇచ్చిందీ నేనే. రాసుకోండి."

"మేడమ్, ఆలోచించుకుని చెప్పండి. ఇది మీ మీదికే వచ్చుద్ది."

"వచ్చిద్దిలే. రాసుకోండి."

కోసి చూసిన డాక్టరు కూడా కడుపులో మందు లేదనే చెప్పాడు. ఆ మాట తెలిసిన తర్వాత పాస్టరు వచ్చాడు. హెప్సిబాను సంఘం స్థలంలోనే పెట్టారు. పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఊరు మొత్తం నమ్మిందని కాదు. తాగిందనేవాళ్లు ఇప్పటికీ అంటూనే ఉన్నారు. కానీ ఆ రోజు గొంతు తగ్గించి అన్నారు.

తహసీన్‌ను రావద్దని కాలేజీ వాళ్లు ఫోనులోనే చెప్పారు. జట్టు చెదిరిపోయింది. ఒక పిల్లకు పెళ్లి చేశారు, ఇద్దరు చదువు మానేశారు. సంజన ఒక్కతే ఇంటికొచ్చి, మేడమ్‌ను చూసి వెళ్లింది. చాంద్ బీ ఏనాడూ లేనిది కూతురి తల తన ఒళ్లో పెట్టుకుంది. "చెప్పకపోతే నువ్వు నా కూతురివి కాదు. చెప్పావు గాబట్టి మన బతుకు ఇట్టా అయింది. రెండూ నిజమే బేటీ" అంది.

హెప్సిబా పేరున పెట్టిన ఆదరణ కూడికకు రమ్మని మరియమ్మ కబురు పెట్టింది. తహసీన్ పోకుండా ఉండిపోదామనుకుంది, చివరికి నాదెండ్ల బస్సెక్కింది. పాట, ప్రార్థన అయ్యాక పందిట్లో విస్తళ్లు వేశారు. బెంజిమిన్ ఆమెను చూసి తల దించుకున్నాడు. ఆమె కూడా దించుకుంది. వాళ్లిద్దరూ ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకోగల రోజు ఇక రాదు.

మరియమ్మే వడ్డించింది. అన్నం పెట్టి, పప్పు పోసి, గరిటె పట్టుకుని ఎదురుగా గొంతుక్కూర్చుంది.

"నా బిడ్డ తప్పు చెయ్యలేదని పది మందిలో చెప్పావు తల్లీ. నీ కూడు పోగొట్టుకుని చెప్పావు. అయినా నిన్ను చూస్తే నాకు కడుపు రగిలిపోతాంది. నేనేం చేసేది, నువ్వే చెప్పు."

తహసీన్ విస్తరి ముందు నుంచి లేవబోయింది.

"తిను" అంది మరియమ్మ. "ఇంత దూరం వచ్చావు. తిను."

తహసీన్ అన్నం కలిపింది. ముద్ద చేసింది. మింగింది. పందిరి అవతల, ఎవరిదో మిరప చేలో, మందు కొట్టే పంపు గుర్రుమంటూ సాళ్ల వెంట పోతోంది. విస్తళ్ల ముందు కూర్చున్నవాళ్లలో ఒక్కరూ తల ఎత్తి అటు చూడలేదు.