పైడమ్మ అత్త పేజీ

నేను ఒక మనిషి గొంతును చేజేతులా చెరిపేసినప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది ఆ గొంతు కోసమే బతుకుతున్న పెద్దాయన. ఇంతకన్నా ఘనకార్యం టాటానగర్ స్టేషను పక్కనున్న మా పర్సుడీహ్ తెలుగువాళ్ళలో ఎవరైనా చేసి ఉంటే వచ్చి చెప్పండి, దండ వేసి నా కుర్చీ ఇచ్చేస్తాను. అంతవరకు ఈ కుర్చీ నాదే.

అప్పట్లో నేను సోనారిలో ఒక చిన్న ఆఫీసులో వెబ్‌సైట్లు కట్టేవాడిని. అందుకు వాడే సాఫ్ట్‌వేరు ఒకటుంది. వార్తలు, ఫొటోలు, పాటలు, ఏవైనా సరే, కంప్యూటరు చదువు లేనివాళ్ళు కూడా తమ సైటులో తామే పెట్టుకోవచ్చు. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి రాసి అందరికీ ఊరికే ఇస్తారు. లోపల ఎలా ఉందో ఎవరైనా విప్పి చూడొచ్చు, మార్చుకోవచ్చు. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే తప్పు దానిదనుకుంటారు. తప్పంతా నాది, అందులో ఎవరికీ వాటా ఇవ్వను.

ఆ సాఫ్ట్‌వేరు నాకు పూనిందనే చెప్పాలి. పెద్ద ఊళ్ళలో దాని అభిమానులు నెలనెలా కలుస్తారట, ఒకరికొకరు నేర్పుకుంటారట. మా ఊళ్ళో అలాంటి గుంపు లేదు. ఆ లోటు తీర్చడానికే పుట్టానని నాకు గట్టి నమ్మకం. ఆటోలో పక్కన కూర్చున్నవాళ్ళకు చెప్పాను. పెళ్ళిభోజనాల బంతిలో, పప్పు వడ్డించే ఆయన్ని గరిటెతో సహా నిలబెట్టి చెప్పాను. చివరికి మా అమ్మకు కూడా చెప్పాను.

"దీనికి ఓనరెవుడ్రా?" అంది అమ్మ.

"ఎవరూ లేరమ్మా. అందరూ ఓనర్లే."

"అంటే గవర్నమెంటుదేటి?"

"కాదు. మనందరిదీ."

"అందరిదీ అయితే ఎవుడు సూత్తాడు దాన్ని? మన క్వార్టర్ల మెట్లు సూడు. అవీ అందరివే. ఎవుడైనా తుడిసినాడా?"

 అమ్మకు టెక్నాలజీ అర్థం కాదని తేల్చేసి, తెలుగు సమాజం సెక్రటరీగారి దగ్గరకు వెళ్ళాను. ఆయన్ని బతిమాలి ఆదివారం సాయంత్రాలకు హాలు సంపాదించాను. మనవాళ్ళందరి కోసం ఒక సైటు కట్టి పెట్టాను. ఎవరి ముచ్చట వాళ్ళు వచ్చి అందులో పెట్టుకోవడమే తరువాయి.

మొదటి ఆదివారం ఒక్కరే వచ్చారు. సింహాచలం మావయ్య. గూడ్సు బళ్ళ మీద గార్డుగా చేసి రిటైరయ్యాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు, వెనక లైనులో ఇల్లు, మా రైల్వే వాళ్ళకు వరస కలపడానికి అది చాలు. పిల్లల్లేరు. ఆయన భార్య పైడమ్మ అత్త ఆ ఏడు వానాకాలానికి ముందే పోయింది.

"ఏటిరా రవణా, ఎవులూ రానేదేటి?" అన్నాడు ఖాళీ కుర్చీలన్నీ చూసి.

"వస్తారు మావయ్యా, ఇంకా టైముంది."

"టైముకేటి, నాకు శానా ఉంది. నువ్వు సెప్పాలనుకున్నది నాకు సెప్పు."

చెప్పాను. ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషికి మైకు పట్టుకుని మరీ చెప్పాను. మావయ్య కదలకుండా విని, "ఇందులో మాట పెట్టొచ్చేటిరా? రాసింది కాదు, మాట" అని జేబులోంచి ఫోను తీశాడు.

అందులో పైడమ్మ అత్త ఉంది. ఆవిడ జబ్బు పడ్డాక, ఎందుకో తోచి, ఆవిడ వంటింట్లో మాట్లాడుతుంటే మావయ్య రికార్డు చేసుకున్నాడట. గుమ్మడికాయ పులుసులో బెల్లం ఎప్పుడు వెయ్యాలో చెబుతోంది. బజారులో చేప మొప్ప ఎత్తి చూడకుండా తెచ్చినందుకు మావయ్యను కడిగేస్తోంది. మధ్యలో దగ్గు వస్తే దగ్గునూ తిడుతోంది. నెమ్మదిగా మాట్లాడటమనేది ఆవిడకు తెలియని విద్య. వింటూ నేను నవ్వాను, మావయ్యా నవ్వాడు, తర్వాత కళ్ళజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

ఆదివారం ఆదివారం వచ్చి పట్టుదలగా నేర్చుకున్నాడు. 'పైడమ్మ అత్త పేజీ' అని పేరు పెట్టి, ఆవిడ మాటలన్నీ తన వేలితోనే ఎక్కించాడు. ఇక ఆయన చేసిన ప్రచారం ముందు నాది ఎందుకూ పనికిరాలేదు. నేను స్వేచ్ఛ గురించి, సమష్టి కృషి గురించి ఉపన్యాసాలిచ్చాను. ఆయన టాటానగర్ స్టేషన్‌లో పాత స్నేహితుల్ని ఆపి, "మా ఆడది మాటాడతంది, ఇనండి" అన్నాడు. జనం విన్నారు. విన్నవాళ్ళు తమవాళ్ళ ఫొటోలు పట్టుకుని హాలుకు రావడం మొదలుపెట్టారు. గుంపు తయారైంది. అది నా గొప్పేనని అప్పట్లో నేను అనుకున్నాను.

ఒకరోజు మావయ్య, ఫోను ఆగిపోతోందని తెచ్చి ఇచ్చాడు. చూస్తే పూర్తిగా నిండిపోయి ఉంది.

"ఇవన్నీ సైటులో ఉన్నాయి కదా మావయ్యా, ఇక్కడెందుకు బరువు? తీసేద్దాం."

"పోవు కదేటి?"

"మీ ఫోను పోవచ్చు, నేను పోవచ్చు. సైటు పోదు."

అంత ధీమాగా దేవుడు కూడా మాటివ్వడు. అత్త రికార్డులన్నీ నేనే, నా వేలితోనే, ఫోనులోంచి తీసేశాను. మావయ్య చేతులు జోడించి దండం పెట్టాడు. నేను ఎంత మర్యాదగా తీసుకున్నానో తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. పెద్ద సభ పెట్టాను. అమ్మ పకోడీలు వేసింది. గోవింద్‌పూర్ నుంచి కూడా తెలుగువాళ్ళు వచ్చారు, హాలు నిండిపోయింది. మా చెల్లి నవ్య తలుపు దగ్గర నిలబడి లోపలికి చూసి, "భయ్యా, యే సబ్ పకోడీ కే లియే ఆయే హై" అంది. వీళ్ళంతా పకోడీల కోసం వచ్చారన్న దాని మాటల్ని నేను లెక్కచెయ్యలేదు.

నా ఘనమైన ఆలోచన ఏమిటంటే, పకోడీ చల్లారేలోపు ఖాళీ జాగాలో కొత్త సైటు లేపి చూపించడం. దానికోసం మా సైటుకు అచ్చంగా మరో నమూనా తయారుచేసి పెట్టుకున్నాను. ముందు నమూనాను మొత్తం తుడిచేసి, తర్వాత మొదటినుంచి కట్టాలి. తెరమీద రెండూ పక్కపక్కనే తెరిచి ఉన్నాయి. ఒకటి అసలుది, ఒకటి నమూనా. నేను జనం వైపు చూస్తూ, చేత్తో తుడిచే బటను నొక్కాను. తెలివైన సాఫ్ట్‌వేరు, పాపం, అడిగింది. దాన్ని నేను తెలుగులో నాటకం ఫక్కీలో చదివి వినిపించాను.

"ఇందులో ఉన్నదంతా పోతుంది. మళ్ళీ రాదు. నిజంగానే చెయ్యమంటారా? అంటోంది చూడండి. మనం భయపడతామా?"

"నేదు," అన్నారు పకోడీ నోళ్ళతో.

నొక్కాను. తెరమీద ఆ కిటికీ తెల్లబడిపోయింది. చప్పట్లు. మావయ్య లేచి నిలబడి కొడుతున్నాడు. "శాబాష్. ఎలగ సాఫ్ అయిపోనాదో సూసినారా? మా రవణ," అని పక్కవాళ్ళకు నన్ను చూపిస్తున్నాడు.

నేను రెండో కిటికీ వైపు తిరిగాను. దాని నెత్తిన నేనే రాసుకున్న 'నమూనా' అన్న అక్షరాలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. నేను తుడిచింది అసలుది.

"బాగుంది నాన్నా," అన్నాడు మావయ్య కూర్చుంటూ. "ఇప్పుడు మీ అత్తని మళ్ళీ రప్పించీ."

హాలంతా ఎదురుచూసింది. నేను "నెట్ పోయింది" అన్నాను. నాలాంటి పిరికివాళ్ళ కోసమే కనిపెట్టిన మాట అది.

ఆ రోజు నా ఉపన్యాసంలో తర్వాతి భాగం దేనిమీదో తెలుసా? సైటుకు ఎప్పటికప్పుడు వేరే చోట కాపీ తీసి దాచుకోవడం ఎంత ముఖ్యమో అనే దానిమీద. ఊరందరికీ చెప్పడానికి బొమ్మలతో సహా సిద్ధం చేసుకున్నాను. మా సైటుకు మాత్రం తీరిక దొరికినప్పుడు తీద్దాంలే అనుకున్నాను. సైటుకు జాగా ఇచ్చినవాళ్ళను అడిగితే, తమ దగ్గర కాపీ లేదని ఎంతో మర్యాదగా జవాబిచ్చారు. మావయ్య ఫోనును సాక్చీలో రిపేరు కొట్టుకు తీసుకెళితే అతను తిప్పి తిప్పి చూసి, "ఉస్ జగహ్ పే నయా సామాన్ భర్ గయా. అబ్ కుఛ్ నహీ బచా" అన్నాడు. ఇక ఏమీ మిగల్లేదట, నేను ఖాళీ చేసిన చోటులో మావయ్యకు ఎవరెవరో పంపిన శుభోదయం బొమ్మలు చేరాయి.

వెళ్ళి చెప్పాను. మావయ్య టీ కాచి రెండు గ్లాసుల్లో పోసి ఉంచాడు. నేను ఏడుస్తూ చెప్పాను, ఆయన ఏడవకుండా విన్నాడు.

"ఏడవకురా. కావాలని సేసినావేటి?" అన్నాడు, ఒక గ్లాసు నా ముందుకు జరిపి. "మొదట మీ అత్త పోయినప్పుడు ఆస్పత్రిలో పక్కనే ఉన్నాను. చెయ్యి పట్టుకున్నాను. ఇప్పుడూ పక్కనే ఉన్నాను. సప్పట్లు కొట్టినాను."

తర్వాతి ఆదివారం మావయ్య రాలేదు. ఆయన రాకపోతే మిగతావాళ్ళూ రావడం మానేశారు. ఖాళీ హాలులో కూర్చుంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు ఇల్లిల్లూ తిరిగాను. అత్తకు రాయడం రాదు కాబట్టి అందరికీ ఫోనులో మాటే పంపేది. "మీ దగ్గర ఒక్కటైనా ఉందా పిన్నీ?" అని అడిగితే, "అప్పుడే తీసేసినాం నాన్నా, ఫోను నిండిపోతాది కదా" అన్నారు. నా పాఠం లోకమంతా నాకంటే ముందే నేర్చుకుని ఉంది. అలిసిపోయి ఇంటికి వస్తే అమ్మ అంది:

"నీకూ పంపీది కదరా. నువ్వెప్పుడైనా ఇన్నావేటి?"

వినలేదు. పెద్దవాళ్ళు పంపిన మాటలు తర్వాత విందాంలే అని వదిలెయ్యడం నా అలవాటు. ఫోను తీసి వెతికితే, ఎక్కడో అడుగున, పైడమ్మ అత్త పంపింది ఒకే ఒక్కటి, వినకుండా అలాగే ఉంది. ముందు కాపీలు తీశాను. అమ్మ ఫోనులోకి, నవ్య ఫోనులోకి, ఆఫీసు కంప్యూటరులోకి. నేను మాత్రం వినలేదు. మావయ్య ఇంటికి పరిగెత్తి ఆయన ముందు పెట్టి నొక్కాను.

"ఒరే రవణా, సచ్చినోడా," అంది అత్త, గోడలు అదిరేలా. "మీ అమ్మకి పులుసు పంపినాను కదా, మా ఇత్తడి గిన్నేదిరా? మూత కూడా ఉంది దానికి. ఎన్నిసార్లడగాలి? రేపు తెచ్చీ. తేకపోతే సూడు, నానే వత్తాను."

అంతే. మావయ్య మళ్ళీ పెట్టమన్నాడు. మళ్ళీ పెట్టాను. ఈసారి ఇద్దరం ఏడ్చాం.

మర్నాడు అమ్మ అటక మీదనుంచి ఆ గిన్నెను దింపింది. చింతపండుతో నిగనిగలాడేలా తోమింది. మూతతో సహా పట్టుకుని వెళ్ళాను. మావయ్య గేటు దగ్గరే నన్ను ఆపేశాడు.

"తిరిగి పట్టుకుపో."

"అత్త అడిగింది కదా మావయ్యా."

"అందుకేరా," అన్నాడు, గిన్నె వంకే చూస్తూ. "తేకపోతే తనే వత్తానంటంది కదా. నీ కాడే ఉంచీ."

కాబట్టి పాఠకమహాశయులారా, ఆ గిన్నె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట నడుస్తున్న సైటు మీద గారడీలు చెయ్యను. కాపీ తియ్యకుండా ఎవరి ఫోనూ ఖాళీ చెయ్యను. పెద్దవాళ్ళు పంపిన మాట వినకుండా వదలను. ఎవరింటి గిన్నె వాళ్ళకు కడిగి మరీ ఇచ్చేస్తాను. పైడమ్మ అత్త గిన్నె మాత్రం ప్రాణం పోయినా ఇవ్వను.