బొబ్బలెక్కిన గోడ

పెయింటరు ఆయిల్ పెయింట్ డబ్బా మూత తీశాడు. "ప్లాస్టరు ఎండిపోయింది దీదీ, వేసేయనా?" అన్నాడు. నేను నా కొత్త ఇంటి వంటింటి గోడకి అరచెయ్యి ఆనించి, "ఆగు భయ్యా" అన్నాను. ఆ వాసనకి నాకు ఇప్పటికీ చిన్నప్పటి గోడే గుర్తొస్తుంది.

నాన్న పనిచేసే ఉక్కు ప్లాంటు దగ్గర, కోహ్కాలో మా ఇల్లు కడుతున్నప్పుడు నాకు ఆరేళ్లు. కొత్త ప్లాస్టరుకి దాహం ఎక్కువని, వారం పాటు నీళ్లు తాగించాలని మేస్త్రీ సూరన్న చెప్పాడు. వారం అయ్యాక అందరూ మానేశారు. నాకు జాలేసింది. సాయంత్రాలు నాన్నతో ఇల్లు చూడ్డానికి వెళ్లినప్పుడల్లా, ఎవరూ చూడకుండా వంటింటి గోడకి చెంబుతో నీళ్లు పోసేదాన్ని. తెల్లారేసరికి పైపైన ఆరిపోయేది.

నెల తర్వాత, నూనె చిట్లినా తుడుచుకోవచ్చని అమ్మ ముచ్చటపడిన ఆయిల్ పెయింట్ వేశారు. పది రోజులకే రంగు బొబ్బలెక్కింది.

"ఏటి సూరన్నా, తడారిందన్నావు కదా? తడి మీద రంగు ఇనుముకే నిలవదు, గోడకి నిలుస్తాదా?" ప్లాంటులో పదిమందిని అదిలించే గొంతు నాన్నది.

"చెయ్యెట్టి సూసే సెప్పినాను బాబూ," అన్నాడు సూరన్న తల వంచుకుని.

అతన్ని పనిలోంచి తీసేస్తారని నాకు అర్థమైంది. అయినా అమ్మ కొంగు వెనక నక్కాను.

నాన్న గోడని పైనుంచి కిందికి చూశారు. తర్వాత నన్ను చూశారు. ఉన్నట్టుండి గొంతు తగ్గించి, "పోనీలే సూరన్నా, తొందరపడింది నేనే. రేపు గీకి మళ్లీ వేద్దాం" అన్నారు.

దొరక్కుండా తప్పించుకున్నాననే చాలా ఏళ్లు అనుకున్నాను. ఇప్పుడు ఈ గోడ మీద చెయ్యి పెట్టి నిలబడితే తెలుస్తోంది. ఆ రోజు నాన్న చూసిన బొబ్బలన్నీ ఆరేళ్ల పిల్ల చెయ్యి అందేంత ఎత్తు దాకే ఉన్నాయి.