ఖాలా నాకిచ్చిన యాది

నా చిన్నప్పుడు అంటూ ఏదైనా చెప్పబోతే ఇప్పుడు నాకే నమ్మకం కుదరడం లేదు. ఏళ్ల తరబడి కథలు రాశాను. ఏది జరిగిందో, ఏది నేను కల్పించానో విడదీసి చెప్పమంటే ఈ వయసులో నా వల్ల కాదు. సభల్లో కుర్ర పాఠకులు మాత్రం వదలరు. ఆ కథలో పాప మీరేనా అమ్మా అంటారు. అవునంటే ఒక తంటా, కాదంటే ఇంకో తంటా. అలసిపోయి, నవ్వి ఊరుకుంటాను. వాళ్లకు చెప్పని సంగతి ఒకటుంది. అదేదో ఇవాళ చెప్పేస్తే ఓ పనైపోతుంది.

మాది వరంగల్‌లో కాశిబుగ్గ. నాన్నది మగ్గం పని. నాకు మూడేళ్లు నిండకముందే అమ్మ పోయింది. ఇంట్లో ఆమె ఫోటో కూడా లేదు. నాన్న మాట తక్కువ మనిషి, అమ్మ సంగతి అడిగితే లేచి బయటికి వెళ్లిపోయేవాడు. అయినా అమ్మ గురించి నాకొక జ్ఞాపకం ఉండేది. ఒకే ఒక్కటి. అమ్మ నన్ను చంకనెత్తుకుని పాలకుర్తి గుట్ట ఎక్కుతోంది. ఎండ తగలకుండా కొంగు నా తల మీద కప్పింది. పైన ఒక తాత నెమలీకల కట్టతో నా తల నిమిరాడు. నేను నవ్వాను, అమ్మ నవ్వింది. బడిలో పిల్లలు తమ అమ్మల గురించి చెప్పుకుంటుంటే నేనూ ఈ గుట్ట ముచ్చట తీసేదాన్ని. నాకూ ఒక అమ్మ ఉండేదని చెప్పుకోవడానికి నా దగ్గర ఉన్నది అంతే.

నాకు పదేళ్లప్పుడు శివరాత్రికి మా మేనత్త నన్ను పాలకుర్తి తీసుకెళ్లింది. మెట్లెక్కుతుంటే నా కాళ్లు నేల మీద నిలవలేదు. దర్శనం అయింది, తీర్థం ఇచ్చారు, బొట్టు పెట్టారు. నేను మాత్రం అక్కడి నుంచి కదలలేదు. నెమలీకల తాత కోసం చూస్తున్నానని చెబితే అత్త పకపకా నవ్వింది.

"నెమలీకల కట్టేందే పిచ్చిదానా? అది దర్గాల ఉంటది గానీ గుళ్లె ఏడుంటది! అయినా మీ అమ్మ నిన్ను గుట్టకు ఎప్పుడు తెచ్చిందే? నువ్వు పుట్టినకాడికెల్లి ఆమె మంచం లేస్తే గదా!"

అత్త చెడ్డది కాదు. నోటికొచ్చింది అనేసింది. తర్వాత మిఠాయి కొనిపెట్టింది గానీ నాకు మింగుడు పడలేదు. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ ఒక్కటీ అబద్ధమైతే ఇక నాకు అమ్మే లేనట్టు కదా.

తిరుగు బస్సులో ఆలోచించాను. ఆ ముచ్చట నాకు చెప్పిందెవరు? ఇంకెవరు, పక్కింటి ఖాలా. వాళ్లు ముస్లింలు, పిన్నిని ఖాలా అంటారని నేనూ ఆమెను అలాగే పిలిచేదాన్ని. నాన్న మగ్గం మీద కూర్చుంటే నన్ను చూసుకునేది ఆమే. రాట్నం ముందు కూర్చుని మా మగ్గానికి నూలు చుట్టిపెడుతూ, నేను అమ్మ కావాలని ఏడ్చినప్పుడల్లా ఆ గుట్ట సంగతి చెప్పేది. విని విని, అది ఒకరు చెప్పిన మాట అన్నదే మరిచిపోయాను. నా కళ్లతో చూసినట్టే అయిపోయింది.

ఇంటికి రాగానే ఆమె మీద విరుచుకుపడ్డాను. అబద్ధాలకోరువి అన్నాను. ఖాలా రాట్నం ఆపింది. తిడుతుందనుకున్నాను, కళ్లు తుడుచుకుంది.

"అబద్ధమే బేటా. నేనెన్నడు ఆ గుట్ట ఎక్కలే, పైన ఏముంటదో నాకేం ఎరుక? మా అమ్మీ నన్ను సంకనేసుకొని దర్గాకు తీస్కపోయింది. మా అమ్మీది గంత మంచి యాది నాకు ఇంకోటి లేదు. నువ్వు ఏడుస్తాంటే సూడలేక అదే నీకిచ్చిన. మీవోళ్లు గుట్టకు పోతరు గదా అని గుట్ట పేరు పెట్టిన."

నా కోపం చల్లారలేదు. మరి మా అమ్మ నన్ను ఎన్నడూ ఎత్తుకోనే లేదా, ఈసారైనా నిజం చెప్పమని నిలదీశాను. ఖాలా రాట్నం పక్కకు జరిపి నన్ను దగ్గరికి లాక్కుంది.

"ఎత్తుకోవాలని చేతులు చాపేది బిడ్డా. బలం లేకపాయె. జర దాన్ని ఎత్తుకొని నా మొహం కాడికి తే అనేది నన్ను. నిన్ను సంకనేసుకొని వంగేదాన్ని. నీ చెంప ఆమె చెంపకు తగిలేది. గప్పుడు నువ్వు నవ్వేదానివి, ఆమె నవ్వేది."

అప్పుడు ఏడ్చాను, ఆమె ఒళ్లోనే పడి. గుట్ట అబద్ధం, ఆ నవ్వు అబద్ధం కాదు. చంకలో వెచ్చదనమూ అబద్ధం కాదు, కాకపోతే అది ఖాలాది. తన తల్లిని తీసి నాకిచ్చేసి, తను మాత్రం ఆ కథలో ఎక్కడా లేకుండా తప్పుకుంది. పదేళ్ల పిల్లకు ఇదంతా అర్థమైందని అనను. పెద్దయ్యాక, రాయడం మొదలుపెట్టాక కొంచెం కొంచెంగా తెలిసింది.

ఖాలా పోయి చాలా కాలమైంది. నాకిప్పుడు నిన్నటి మాట గుర్తుండదు. దవాఖానలో ఏదైనా అడిగితే తడుముకుంటాను. రాయడానికీ ఓపిక లేదు, నిజమా కల్పనా అని అడిగేవాళ్లకు జవాబు చెప్పే ఓపిక అంతకన్నా లేదు. అమ్మను తలుచుకుంటే ఈనాటికీ ముఖం కనబడదు, ఒక చెంప తగులుతుంది. నన్ను మోస్తున్న చేతులు ఇంకొకామెవని నాకు తెలుసు. అయినా ఇద్దరినీ కలిపే అమ్మా అని పిలుచుకుంటాను.