కనబడని క్లాసు

నేను బోధన్‌ల లెక్కల టీచరుగ చేరింది ఎనభైల చివర్ల. చెరుకు బండ్లు ఫ్యాక్టరీ దిక్కు వరుసగ పోతుంటె కిటికీ పక్కన కూసున్న పిల్లలు లెక్క వదిలేసి వాటినే చూసేటోళ్లు. ఎవరి మనసు ఎక్కడున్నదో ముఖం చూస్తె తెలిసేది. కనుబొమ్మలు ముడిపడితె ఇంకోసారి చెప్పాలె. పెన్ను టోపీ కొరుకుతుంటె అర్థమైంది గని విసుగొచ్చిందన్నట్టు. నా పాఠమంతా ఆ ముఖాలను పట్టుకొనే నడిచేది.

రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేండ్లకు, చదువు మధ్యల ఆగిపోయిన ఆడవాళ్లతోని పదో తరగతి పరీక్ష రాయించే ఒక చిన్న సంస్థవాళ్లు నన్ను సాయం అడిగిండ్రు. ఆదివారాలు నిజామాబాద్‌ల ఒక గదిల, కంప్యూటర్ ముందట కూసోని పాఠం చెప్పాలె. వర్ని ఊర్ల ఒక హాలుల ఆడవాళ్లంతా కూడి వింటరు. కెమెరా నా దిక్కే ఉండేది. నేను వాళ్లకు కనబడుత, వాళ్లు నాకు కనబడరు. మైకుల మాట మాత్రం వినబడుతది.

మొదటి ఆదివారం భిన్నాలు చెప్పిన. అర్థమైందా అంటె అయిందని అందరు ఒక్కసారే అన్నరు. క్లాసులనైతె ఆ మాట నిజమో కాదో ముఖాలు చూసి తేల్చుకుందును. ఇక్కడ తెర మీద నా ముఖమే నాకు కనబడుతున్నది. గోడకు చెప్పినట్టున్నది, ఇది నాతోని కాదని ఇంటికొచ్చి మా ఆయనతోని అన్న. ఇంకొక్క వారం చూడమన్నడు.

మరుసటి ఆదివారం పాఠం అయిపోవస్తుంటె మైకుల ఒక పెద్దామె గొంతు వచ్చింది. బీడీలు చేసుకుంట ఇద్దరు బిడ్డల పెండ్లిళ్లు చేసినామె అని తర్వాత తెలిసింది.

"మేడం, ఒకటి అడుగుత. కింది అంకె పెద్దగైతుంటె విలువ చిన్నగెందుకైతది? మూడు కంటె నాలుగు పెద్దది గద."

ఇన్నేండ్లల ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలె. అడగకుంటనే ఎంతమంది మనసుల పెట్టుకొని పోయిండ్రో. చాక్‌పీసు కోసం చెయ్యి చాపిన గని ఆ గదిల బోర్డే లేదు. అక్కడ తినేదేమన్న ఉన్నదా అని అడిగిన. మధ్యాహ్నానికి తెచ్చుకున్న జొన్నరొట్టెలున్నయన్నరు. ఒక రొట్టెను ముగ్గురికి, ఇంకోదాన్ని నలుగురికి సమానంగ తుంపమన్న. కొద్దిసేపు ఏమీ వినబడలె. లైను తెగిందేమో అనుకుంటున్నంతల నవ్వులు వచ్చినయి. నలుగురిల పడ్డ ఒకామె, తన ముక్క చిన్నగొచ్చిందని కొట్లాడుతున్నదట.

పంచుకునేటోళ్లు ఎక్కువైతె ఒక్కొక్కరికి వచ్చేది తక్కువైతదని ఆ పెద్దామెనే అందరికి చెప్పింది. మొదటి వారమే ఎందుకు అడగలేదని అన్న. చిన్నప్పుడు బడిల గూడ ఇదే అనుమానముండెనట.

"ఎదురుంగ ఉంటె ఇప్పుడు గూడ అడుగకపోతుంటి మేడం. గీ వయసుల గింత చిన్నది తెల్వదా అని మీరు నా మొకం సూస్తరు గద. గిప్పుడు మీకు నేను కానొస్త లేను."

బోధన్‌కు బస్సుల పోతున్నంత సేపు ఆ మాటే. పిల్లల ముఖాలు నాకు పాఠం నేర్పినయనుకున్న గని, నా ముఖం వాళ్లను ఏం చేస్తున్నదో ఎన్నడూ ఆలోచించలె.

తెల్లారి ఎనిమిదో తరగతిల, నేను బోర్డు దిక్కు తిరిగి నిలబడుత, ఎవరికేం తెల్వకపోయినా అడుగుండ్రి, వెనుకకు చూడనని చెప్పిన. మొదలు కిసకిస నవ్విండ్రు. ఆఖరికి ఒక ఆడపిల్ల సన్నటి గొంతుతోని, సున్నతోని ఎందుకు భాగించరాదు అని అడిగింది. అంతే, గంట కొట్టేదాంక ఒకరి తర్వాత ఒకరు అడిగిండ్రు. గొంతులన్ని గుర్తుపట్టిన. తిరిగి మాత్రం చూడలె.

ఆ ఏడాది పరీక్షల ఆ పెద్దామె లెక్కలల్ల పాసైంది. నిజామాబాద్‌ల నేను పాఠం చెప్పే గదికి బస్సెక్కి వచ్చింది. నన్ను పైనుంచి కిందిదాంక చూసి, కంప్యూటర్‌ల పొడుగ్గ కనబడ్డరు అన్నది. చాయ్ తాగుకుంట నేను ఆమెకు రుణపడ్డనని చెప్తె, పాఠం చెప్పింది మీరైతె నాకు రుణమెందుకు అని నవ్వింది. ఇంటర్ గూడ చదువుతదట, ఆదివారాలు నేనే చెప్పాలెనట.

సరేనన్న, ఆమె మాట పూర్తి కాకముందే.