నవలకు ఫలశ్రుతి

పుస్తకాన్ని సగంలో వదిలేయడానికి నాకు మొహమాటం లేదు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక మెతుకు పట్టి చూస్తే చాలు, కుండంతా తిననక్కర్లేదు. మా అమ్మ అలా కాదు. ఆమె చదవడం నేర్చుకున్నది బళ్ళో కాదు, పెళ్ళయ్యాక అత్తగారి, అంటే మా అవ్వ, పక్కన కూర్చుని పారాయణాలు చేస్తూ. మొదలుపెట్టిన పారాయణం మధ్యలో ఆపితే దోషమని మా అవ్వ చెప్పిన మాటను, అమ్మ నవలలకు కూడా వర్తింపజేసుకుంది. హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోయిన డిటెక్టివ్ నవలను సైతం స్నానం చేసి వచ్చి, బాసింపట్టు వేసుకుని, భక్తిగా చివరిదాకా చదివేది. ఇంట్లో మేమంతా నవ్వేవాళ్ళం.

పోయిన ఏడాది తిరుపతిలో డాక్టరు చూసి, అమ్మకు కంటి నరం ఎండిపోతోందన్నారు. ఒక కన్ను అప్పటికే కనిపించడం లేదు. రెండో కంటిలో మిగిలిన చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నారు. తిరిగొచ్చే చిత్తూరు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని దారి పొడవునా బయటికే చూసింది.

మర్నాడే మళ్ళీ పుస్తకం పట్టుకుంది. ఇటుకంత లావు నవల, ఒక జమీందారు కుటుంబం కథ. సగానికి వచ్చినా ఇంకా పెళ్ళి మాటలు తెగలేదు. భూతద్దం పెట్టుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కుంటోంది.

"ఎట్లుండాదమ్మా కథ?" అన్నాను.

"సప్పగా ఉండాది పాపా."

"మరి ఉండే చూపంతా దీనికే పోస్తావా?"

"మొదలుపెట్టినాను కదా."

నాకు ఒళ్ళు మండింది. ఆ పుస్తకాన్ని ఎక్కడైనా దాచేద్దామనుకున్నాను, ధైర్యం చాలలేదు. వంటింట్లోకి వెళ్ళి ఏడ్చాను.

కొన్నాళ్ళకు ఒక పొద్దున అమ్మే పిలిచింది.

"మీ అవ్వ ఇంగో మాట గూడా సెప్పిండాది. పారాయణానికి అడ్డమొస్తే ఫలశ్రుతి సదివి మూసేయొచ్చంట. దీనికి ఆకరు పేజీనే ఫలశ్రుతి."

ఆ చివరి పేజీని తీరిగ్గా చదివింది. "ఎవురో ఎవుర్నో సేసుకున్న్యారు. సల్లగా ఉండనీ" అంటూ పుస్తకాన్ని కళ్ళకద్దుకుని పక్కన పెట్టింది. నాకు నవ్వూ వచ్చింది, ప్రాణమూ లేచి వచ్చింది. ఇక బీరువాలోని కొత్త పుస్తకాలన్నీ తెచ్చి ముందు పోశాను. అమ్మ వాటిని ముట్టుకోలేదు. పెళ్ళైన కొత్తలో చదివిన ఒక పలచటి నవల తెమ్మంది.

"అది సదివిందే కదమ్మా."

"సదివిందే. ఇప్పుడు నోటికి రావాల. కన్ను పొయినాక ఇంగొకర్ని అడక్కుండా సదువుకోవాల కదా."

ఒక మనిషి తన చీకటికి ఇంత నిమ్మళంగా సామాను సర్దుకోవడం నేనెన్నడూ చూడలేదు. రోజూ కాస్త చదివేది, కళ్ళు మూసుకుని అప్పజెప్పుకునేది, తప్పితే మళ్ళీ భూతద్దం తీసేది.

ఇప్పుడు ఆ కన్నూ పోయింది. నిన్న మధ్యాహ్నం గదిలోకి వెళితే, ఒళ్ళో ఆ పలచటి నవల తెరిచి మెల్లగా పైకి చదువుకుంటోంది. వాక్యం సగంలో ఉండగా పేజీ తిప్పింది. వెనక నుంచి తొంగి చూశాను. మిగతా సగం సరిగ్గా ఆ పేజీ మొదటి వరుసలోనే ఉంది.

నా అలికిడి విని అమ్మ చదవడం ఆపింది.

"నిలబడుకోనుండావెందుకు? కూసో. కథలో మంచి పట్టు వస్తా ఉండాది" అంది.