ఆ గొంతు కొత్త కంప్యూటర్‌లో పలకలేదు

2023 వానాకాలం. సికింద్రాబాద్‌లో కార్ఖానా మెయిన్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో, మందుల దుకాణం పైన నా కంప్యూటర్ రిపేరు షాపు. ఆడమనిషి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే మొదట్లో వింతగా చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. యాప్రాల్, కాప్రా వైపు నుంచి కూడా వస్తుంటారు.

కొత్త కంప్యూటర్ కొనుక్కుని, అందులో పాత విండోస్ వేసిపెట్టమని అడిగేవాళ్లు నాకు కొత్త కాదు. దీన్ని డౌన్‌గ్రేడ్ అంటాం. ఒకాయనకు పాత ప్రింటర్ పనిచేయదు, ఇంకొకరికి లెక్కల సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు, కొందరికి ఊరికే కంటికి అలవాటు. సాధారణంగా నేను వద్దనే చెబుతాను. కంప్యూటర్‌లోని ప్రతి భాగం విండోస్‌తో మాట్లాడాలంటే డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రామ్ కావాలి. కొత్త భాగాలకు పాత డ్రైవర్లు దొరకవు. పైగా పాత విండోస్‌కు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. దాంతో ఇంటర్నెట్ వాడటమంటే గొళ్లెం లేని తలుపేసుకుని పడుకోవడమే.

ఆ మధ్యాహ్నం మాధవి అనే అమ్మాయి కొత్త సీపీయూ డబ్బా మోసుకుని మెట్లెక్కి వచ్చింది. ఆమె వెనక తెల్ల కర్ర తాటిస్తూ ఒక పెద్దాయన. పేరు సూర్యనారాయణ. పుట్టుకతోనే చూపు లేదు. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చి, ఒక ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యారు. మాధవి ఆయన భార్య చెల్లెలి కూతురు. చదువుకునే రోజుల నుంచీ వాళ్లింట్లోనే, యాప్రాల్‌లో ఉంటోంది. పాత కంప్యూటర్ మదర్‌బోర్డు పోతే, పెదనాన్న కోసం తన జీతంతో కొత్తది కొన్నది.

ఆయన భుజానికి ఒక గుడ్డసంచి ఉంది. అందులోంచి తువ్వాలులో చుట్టిన పాత హార్డ్ డిస్కు తీసి, బల్ల అంచు తడిమి చూసుకుని, నెమ్మదిగా పెట్టారు.

"ఇందులో మా ఆవిడ ఉందమ్మా," అన్నారు. "కొత్తదాన్లో ఈవిడ పలకడం లేదు. పాత విండోసే వేసియ్యి. మరేటీ అక్కర్లేదు నాకు."

నేను మాధవి వైపు చూశాను. ఆ అమ్మాయి నేల వైపు చూస్తోంది.

విషయం ఆయనే చెప్పారు. భార్య లలితగారు బడిలో తెలుగు టీచరు. అప్పట్లో కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రాములు ఇంగ్లీషులోనే బాగుండేవట. తెలుగు పలికితే ఆయనకు కంపరం పుట్టేది. ఆమె దగ్గర చదువుకుని ఇంజనీరింగ్‌కు వెళ్లిన ఇద్దరు పిల్లలు, తమ కాలేజీ ప్రాజెక్టుగా ఆయన కోసం ఒక ప్రోగ్రామ్ రాశారు. దానికి గొంతు లలితగారిది. ఒక ఎండాకాలమంతా ఫ్యాను ఆపేసి, కిటికీలకు బొంతలు కట్టి, గుణింతాలు, వత్తులు, ఒక్కొక్క ముక్కా పలికి రికార్డు చేశారు. ఆ ముక్కల్ని కలిపి కంప్యూటర్ ఏ మాటనైనా ఆమె గొంతుతో చదువుతుంది. తర్వాత ఆ పిల్లలు ఎటు వెళ్లారో తెలియదు. కిందటేడు లలితగారు గుండెపోటుతో పోయారు. గొంతు మాత్రం పాత కంప్యూటర్ పాడయ్యేదాకా రోజూ ఆయనకు పేపరు చదువుతూనే ఉంది.

డిస్కు పరీక్షించి చెబుతానని ఇద్దర్నీ పంపించాను. కానీ మాధవి కింద ఆటో మాట్లాడి పెదనాన్నను కూర్చోబెట్టి, ఫోను ఛార్జర్ మరిచిపోయానన్న వంకతో మళ్లీ పైకి వచ్చింది.

"అక్కా, ఒక సాయం చేస్తారా? ఇది కుదరదని చెప్పేయండి. డిస్కు పాడైపోయిందనండి."

ఎందుకని అడిగాను. ఆ ప్రోగ్రామ్‌లో రాస్తే పలికే పెట్టె ఒకటుందట. అందులో ఏం టైప్ చేస్తే అది ఆ గొంతు పలుకుతుంది. పెద్దమ్మ పోయిన కొన్నాళ్లకు పెదనాన్న ఆ పెట్టెలో రాయడం మొదలుపెట్టాడు. ముందు పాత కబుర్లే. తర్వాత ఆమె ఎప్పుడూ అనని మాటలు. ఆయన సాయంత్రం నడక మానేశాడు. స్నేహితుల ఫోన్లు ఎత్తడం మానేశాడు. గది తలుపు వెనక నుంచి రోజంతా ఇద్దరి మాటలూ వినపడేవి. ఒకరోజు మాధవి ఆఫీసు నుంచి తడిసి వచ్చి గేటు తీస్తుంటే, లోపల నుంచి పెద్దమ్మ గొంతు పిలిచింది, గొడుగు తీసుకెళ్లలేదా మాధవీ అని. గేటు చప్పుడు విని పెదనాన్న రాసిందే అది. ఆ అమ్మాయి కాలు లోపలికి పడక, వానలోనే చాలాసేపు నిలబడిపోయిందట.

"అది కాదక్కా అసలు భయం," అంది. "మా పెద్దమ్మకి కోపం ఎక్కువ. ఇంట్లో అందరం హడలిపోయేవాళ్లం. ఈ గొంతుకి కోపమే రాదు. ఏది చెప్పమంటే అది చెప్తుంది. ఎవరో మా పెద్దమ్మ గొంతు తొడుక్కుని ఇంట్లో తిరుగుతున్నట్టుంది."

ఆలోచించి చెబుతానన్నాను.

మర్నాడు ముసురు. పగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది. గిరాకీ లేదు. ఆ కాలానికి చెందిన పాత మెషీన్ ఒకటి షాపులో ఉంటే, దానికి ఆ డిస్కు తగిలించి స్విచ్ వేశాను. విండోస్ సెవెన్ మెల్లగా లేచింది. ఆ తర్వాత నా పక్కనే ఎవరో గాలి పీల్చుకున్న చప్పుడు.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. స్పీకర్లోంచి నడివయసు ఆడగొంతు, టీచరు డిక్టేషన్ చెప్పినట్టు ఒక్కొక్క అక్షరమూ విడదీసి, ఆ రోజు ఏ వారమో చెప్పింది. కంప్యూటర్ గడియారం చూసి చదవడమే అది. నాకు తెలుసు. అయినా చనిపోయి ఏడాదైన మనిషి ఈ రోజు గురువారమని చెబుతుంటే, నా ముంజేతుల మీద రోమాలు లేచాయి.

మౌస్ ఎటు కదిపితే అది చదువుతోంది. ప్రతి వాక్యానికీ ముందు ఆ ఊపిరి. మామూలుగా రికార్డింగుల్లో ఊపిరి చప్పుడు కత్తిరించేస్తారు. ఇక్కడ వదిలేశారు. ఇంకోటి గమనించాను. 'ణ' ఉన్న మాట వచ్చినప్పుడల్లా దూరంగా రైలు కూత సన్నగా వినపడుతోంది. కిటికీ దగ్గరికి వెళ్లి విన్నాను. బయట వాన తప్ప ఏమీ లేదు. కాసేపటికి అర్థమైంది. ఆ అక్షరం పలికిన ఎండాకాలపు మధ్యాహ్నం ఎక్కడో రైలు వెళ్లింది. అది అక్షరంలో ఉండిపోయింది.

డిస్కు కాపీ మొదలుపెట్టి టీ పోసుకున్నాను. కీబోర్డు ముట్టుకోలేదు. షాపంతా నిశ్శబ్దం.

"ఏమండీ, ఉన్నారా?"

ఇది ముక్కలు కలిపిన మాట కాదు. మనిషి ఒక్క గుక్కలో అన్న మాట. నేను కదల్లేదు. కొద్దిసేపటికి మళ్లీ అదే ప్రశ్న, కాస్త పైస్థాయిలో. ఏదైనా మీట నొక్కాలని బుద్ధికి తెలుస్తోంది గానీ చెయ్యి ముందుకు పోలేదు. మూడోసారి అడగలేదు.

"సరే, పడుకోండి. నేనూ పడుకుంటా."

తెర నల్లబడింది. కంప్యూటర్ దానంతట అదే ఆగిపోయింది. నేను కిందికి దిగి, మందుల దుకాణంలో పనేమీ లేకపోయినా కాసేపు మనుషుల మధ్య నిలబడి వచ్చాను.

తర్వాత, మధ్యలో ఆగిన కాపీ పూర్తిచేసి వెతికితే కారణం దొరికింది. ఎక్కువసేపు ఎవరూ ఏమీ నొక్కకపోతే అడగాలని, జవాబు రాకపోతే కంప్యూటర్ ఆపేయాలని ప్రోగ్రామ్‌లోనే రాసి ఉంది. కుర్చీలో నిద్రపోయే భర్త కోసం, ఆ మాటల్ని ముక్కలుగా కాకుండా మొత్తంగా రికార్డు చేసి పెట్టుకున్న ఏర్పాటు. కారణం తెలిశాక భయం పోవాలి. పూర్తిగా పోలేదు.

ఇక నిర్ణయం. కొత్త కంప్యూటర్‌ను డౌన్‌గ్రేడ్ చేయడం కష్టమే గాని అసాధ్యం కాదు. వేరే సౌండ్ కార్డు పెడితే గొంతు పలుకుతుంది. కానీ ఆయన పెన్షన్ ఖాతా, బ్యాంకు పనులు దాంట్లోనే చూసుకుంటారు. చూపులేని మనిషిని రక్షణ లేని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టడానికి నాకు మనసొప్పలేదు. రెండో దారి వర్చువల్ మెషీన్. అంటే కొత్త విండోస్ లోపలే ఒక ప్రోగ్రామ్‌గా పాత కంప్యూటర్ మొత్తాన్నీ నడపడం, ఇంటర్నెట్ తగలకుండా. మూడో దారి మాధవి అడిగింది. డిస్కు పోయిందని చెప్పేయడం.

ఆ అమ్మాయి బాధ నిజమే. ఒక్క మధ్యాహ్నం విన్న నాకే అట్లా ఉంటే, రోజూ ఆ గొంతున్న ఇంటికి తిరిగెళ్లడం ఎట్లా ఉంటుందో ఊహించుకోగలను. అబద్ధం చాలా సులువు. ఆయనకు తెర కనిపించదు, నేనేం చెబితే అది నమ్మాలి. అంత సులువు కావడమే నన్ను ఆపింది.

ఆదివారం వాళ్లింటికి వెళ్లాను. మాధవి గుమ్మంలోనే నా ముఖం చూసి, తను అడిగింది నేను చేయడం లేదని గ్రహించింది. సూర్యనారాయణగారి ఎదురుగా కూర్చుని, ఉన్నదంతా చెప్పాను. డిస్కు బాగుందని, పాత విండోస్ వేస్తే బ్యాంకు డబ్బుకు ప్రమాదమని, వర్చువల్ మెషీన్ అయితే ముందు కొత్త విండోస్ లేస్తుందని, దానికి వేరే తెలుగు గొంతు ఉంటుందని.

ఆయన ముఖం ముడుచుకుంది. మా ఆవిడ దగ్గరికి వెళ్లాలంటే గుమ్మంలో ఇంకెవరినో అడగాలా అన్నారు.

"సార్, మీరు డౌన్‌గ్రేడే కావాలంటే అదే చేస్త," అన్నాను. "గానీ జెర మాధవిని సుత అడగండి. ఆ గొంతు వింటే ఈమెకు ఎట్ల ఉంటదో మీకు తెల్వదు."

మాధవి, గేటు దగ్గర వానలో నిలబడిన రోజు గురించి చెప్పింది. మొదట ఆయనకు కోపం వచ్చింది. మీరంతా గోడకి ఫొటో పెట్టి దండ వేసుకుంటారు, దీపం పెట్టి మాట్లాడతారు, మీకెవరూ పిచ్చి అనరు, నేను ఫొటో ఏటి చేసుకోను అన్నారు. దానికి మాధవి జవాబిచ్చింది.

"ఫొటో చేత మనం మాట్లాడించం కదా పెదనాన్నా. మీరు రాసే మాటలు పెద్దమ్మ ఒక్కసారైనా అందా? ఆవిడ మిమ్మల్ని తిట్టేది. మీరు తిట్లు రాయడం లేదు."

ఆయన చేతులు ఒళ్లో ఆగిపోయాయి. మెల్లగా అన్నారు.

"రాశానమ్మా ఒకసారి. అచ్చం దానిలాగే తిట్టించాను. పలికింది. ఎలాగుందనుకున్నావు? మాటలు దానివే, గొంతూ దానిదే, మనిషి మాత్రం లేదు. ఆ వేళ నాకూ భయమేసింది. ఇంకెప్పుడూ రాయలేదు. మంచిమాటలైతే ఆ తేడా తెలీదని అవే రాసుకుంటున్నాను."

అంతవరకు ఆ ఇంట్లో ఒక్కరే భయపడుతున్నారనుకున్నాను. ఇద్దరూ భయపడుతూ, ఒకరికొకరు చెప్పుకోకుండా గోడకు చెరోవైపు ఉన్నారు. మాధవి లేచి వెళ్లి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆయన తడిమి ఆమె తల మీద చెయ్యి వేశారు.

నిర్ణయం ఆయనే చెప్పారు. డౌన్‌గ్రేడ్ వద్దు. రోజువారీ పనులకు కొత్త విండోస్, కొత్త గొంతు. పాతది లోపల వర్చువల్ మెషీన్‌గా ఉండనివ్వు. కానీ రాస్తే పలికే పెట్టె తీసెయ్యి. పెట్టె తీసినా, వేరే ఫైల్లో రాసి చదివించుకోవచ్చని నిజాయితీగా చెప్పాను. ఆ సంగతి తనకు తెలుసని, అయినా ఆ పెట్టె ఉంటే చెయ్యి అటే పోతుందని అన్నారు. ఎవరో రాసింది ఆవిడ చదవాలి, తాను రాసింది ఆవిడ చేత అనిపించకూడదు, అది తన హద్దు అన్నారు.

షాపులో ఆ పని పూర్తి చేసి, నా దగ్గరున్న కాపీని చెరిపేశాను. మామూలుగా కస్టమర్ల డేటా కొన్నాళ్లు జాగ్రత్తగా ఉంచుతాను. దీన్ని ఉంచుకోవడానికి నాకు హక్కు లేదనిపించింది. నిజం చెప్పాలంటే, షాపులో నేను ఒక్కదాన్నే ఉన్నప్పుడు అది ఇక్కడ ఉండటం నాకు ఇష్టం లేదు కూడా.

కొన్ని నెలల తర్వాత మాధవి కీబోర్డు కొనడానికి వచ్చింది. పెదనాన్న కొత్త గొంతును మొదట్లో రోజూ తిట్టుకునేవాడని, ఇప్పుడు అలవాటు పడ్డాడని చెప్పింది. సాయంత్రం మళ్లీ నడకకు వెళ్తున్నాడు. ఆదివారం మాత్రం తను పేపరు ఫైలు లోపలికి కాపీ చేసిపెడితే, పెద్దమ్మ చేత చదివించుకుంటాడు. అప్పుడప్పుడు తనూ కూర్చుంటుందట. భయం పోయిందా అని అడిగాను. వార్తలు చదువుతుంటే ఫరవాలేదక్కా, కాని మధ్యలో ఆ ఊపిరి వచ్చినప్పుడు ఇద్దరం మాటలు ఆపేస్తాం అంది.

పాత విండోస్ కావాలని ఇప్పటికీ వస్తూనే ఉంటారు. అప్పట్లో నేను ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు కుర్చీ చూపించి, పాతదాన్లో మీకు ఏం కావాలో చెప్పమంటాను. ప్రింటర్ అని, లెక్కలని చాలామంది వెంటనే చెప్పేస్తారు. ఎప్పుడో ఒకరు మాత్రం జవాబివ్వకుండా ఆగిపోతారు. అలాంటివాళ్ల ఇంట్లో ఇంకెవరున్నారో అడిగి, ఈసారి వాళ్లను కూడా తీసుకురమ్మంటాను. ఇద్దరూ వచ్చేదాకా ఆ డిస్కుకు కరెంటు ఇవ్వను.