కిటికీ పక్కన కూర్చున్న కరుణ

గాలి సోకడం, దయ్యం పట్టడం లాంటివి నేను ఏనాడూ నమ్మినదాన్ని కాదు. నేను బైబిల్ కాలేజీలో చదువుకున్నాను. చనిపోయినవాళ్లు మన మధ్య తిరుగుతుంటారన్న మాటకు అక్కడ మాకు చోటు లేదు. పైగా పెళ్లయి బాన్సువాడ వచ్చిన దగ్గర్నుంచి పాస్టరమ్మగా ఇలాంటివి చాలా చూశాను. చుట్టుపక్కల ఊళ్లనుంచి, తండాలనుంచి కోడళ్లను తీసుకొచ్చి, "గాలి సోకిందమ్మా, ప్రార్థన చేయుండ్రి" అని కూర్చోబెట్టేవారు. మా ఆయన ప్రార్థన చేసేవారు. నేను ఆ పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, "ఒంట్ల రక్తం లేదు, ముందుగాల్ల దవాఖానకు తీస్కపోండ్రి" అని పంపేదాన్ని. నా నమ్మకం అంతవరకే.

అందుకే ఈ సంగతి రాయాలా వద్దా అని చాలాకాలం ఆలోచించాను. మా ఆయనకు ఇప్పటికీ ఇష్టం లేదు.

మా కాలేజీ కోస్తాలో ఉండేది. నేను మెదక్ వైపు పిల్లని. భాష దగ్గర్నుంచి కూర వరకు అక్కడ నాకు అంతా కొత్తే. హాస్టల్లో నా పక్క మంచం కరుణది. గుంటూరు వైపు పిల్ల. నేను "ఏంది" అంటే నవ్వి, ఆ తర్వాత తను కూడా "ఏంది" అనడం మొదలుపెట్టింది. నన్ను 'సుశీ' అని పిలిచింది ఆ ఒక్కతే. ఆఖరి సంవత్సరంలో వాళ్లమ్మకు జబ్బుచేసిందని కబురొస్తే ఇంటికి వెళ్లింది. మళ్లీ రాలేదు. అప్పట్లో మా ఎవరి దగ్గరా ఫోన్లు లేవు. అలా తెగిపోయాం.

దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ప్రభుదాస్ మా బ్యాచ్ ఫోటో ఒకటి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. ప్రభుదాస్ మా క్లాసులో అందరికంటే చిన్నవాడు, ఇప్పుడు తెనాలి దగ్గర ఒక సంఘానికి పాస్టరు. ఆ ఫోటో కింద ఒకరి తర్వాత ఒకరు వచ్చి చేరారు. వాట్సాప్ గ్రూపు తయారైంది. నెత్తి నెరిసినవాళ్లం, మనవలున్నవాళ్లం, పిల్లల్లా అల్లరి చేసుకున్నాం. ఆదివారం ఆరాధన అయ్యాక, మధ్యాహ్నం భోజనాల తర్వాత, వీడియో కాల్‌లో కలిసి కాసేపు ప్రార్థన చేసుకోవడం అలవాటైంది.

కరుణ మాత్రం దొరకలేదు. ఎవరి దగ్గరా నంబరు లేదు. చనిపోయిందని ఎక్కడో విన్నానని ఒకాయన అన్నాడు, ఎవరు చెప్పారంటే గుర్తులేదన్నాడు. అయినా ప్రతి ఆదివారం ప్రార్థన ముగించేముందు విజయ, "కరుణ ఎక్కడున్నా క్షేమంగా ఉంచు ప్రభువా" అనేది. విజయ విశాఖపట్నంలో స్కూల్ టీచరు. హాస్టల్లో మా ఇద్దరి గదిలోనే ఉండేది.

ఆ రోజు కూడా ఆదివారమే. మా చర్చి చిన్నది. జనం చాపలమీద కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లకోసం కిటికీ వైపు రెండు బెంచీలు వేయించాం. ఇంట్లో సిగ్నల్ సరిగా రాదని నేను చర్చిలోనే కూర్చుని కాల్‌లో చేరతాను. ఆ రోజు అందరూ వెళ్లిపోయారు. మా ఆయన ఇంట్లో పడుకున్నారు. నేను పాటల పుస్తకాల దొంతరకు ఫోన్ ఆనించి, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా వెనక కిటికీ, ఆ బెంచీలు. బయట మండే ఎండ. లోపల ఎవరూ లేరు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే చాపలు చుట్టి ఊడ్చింది నేనే.

మాటల మధ్యలో ప్రభుదాస్ ఆగిపోయాడు.

"సుశీలక్కా, నీ వెనకాల కూర్చున్నది ఎవరు?"

"ఎవరున్నరు? ఎవరు లేరు," అన్నాను.

"కిటికీ పక్కన అక్కా. నైటీ మీద తువ్వాలు కప్పుకుని."

సంఘంలో ఎవరైనా మళ్లీ వచ్చారేమో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. బెంచీలు ఖాళీగా ఉన్నాయి. అంతలో ఫోన్లోంచి విజయ గొంతు వినిపించింది. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

"అది కరుణ కాదూ?"

నాకు కోపం వచ్చింది. దేవుని పని మీద కూర్చుని పరాచికాలేంటి అనుకున్నాను. లేచి వెళ్లి, బెంచీ మీద అరచేత్తో తట్టి, "చూడుండ్రి, ఈడ ఎవరున్నరు?" అన్నాను. ఫోన్ దగ్గరికి తిరిగి వచ్చేసరికి విజయ ఏడుస్తోంది. కాల్‌లో ఉన్న మిగతావాళ్లలో ఒకాయన తనకూ ఎవరో ఆడమనిషి కనిపించిందనీ, సంఘస్తురాలనుకుని పట్టించుకోలేదనీ అన్నాడు. మరో ఇద్దరికి ఏమీ కనబడలేదు.

విజయ ప్రతి వారం కాల్ జరుగుతుండగా ఒక స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెడుతుంది. ఆ రోజుది కూడా ఉంది. అందులో నా వెనక కిటికీ, ఎండ, ఖాళీ బెంచీ. అంతే. నేను దాన్ని ఎన్నిసార్లు పెద్దది చేసి చూసుకున్నానో నాకే తెలియదు.

ఆ సాయంత్రం ప్రభుదాస్ మళ్లీ ఫోన్ చేశాడు. కరుణ చనిపోయి ఉంటుందని అతని భయం. "కానీ ఒకటి అక్కా, చేతి వెనక తెల్లటి టేపు ఉంది. సెలైన్ సూదికి అంటిస్తారే, అది. నేను స్పష్టంగా చూశాను," అన్నాడు. మా ఆయనకు చెబితే, "అందరు ఆమె గురించే తలుస్తున్నరు గద, ఎండకు నీడకు అట్ల కనబడ్డది. నువ్వు ఫికర్ చెయ్యకు," అన్నారు. నేనూ అదే అనుకోవాలని ప్రయత్నించాను.

సోమవారం పొద్దున నేను దవాఖానకు వెళ్తాను. రోగుల ఇంటివాళ్లు అడిగితే ప్రార్థన చేసి వస్తుంటాను. చాలా ఏళ్ల అలవాటు. నేను కరుణను వెతకడానికి వెళ్లలేదు. కానీ ఆ రోజు ఆడవాళ్ల వార్డులో అడుగు పెట్టగానే, తెలియకుండానే అందరి చేతుల వంకా చూశాను. అందరి చేతులకూ ఆ తెల్లటి టేపే. నా మీద నాకే నవ్వొచ్చింది.

మూలనున్న మంచం దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. మంచం మీద ఉన్నామెకు ఒకవైపు మొహం జారిపోయింది, కళ్లు మూసి ఉన్నాయి. ప్రార్థన చేయనా అని అడిగాను.

"చేయండమ్మా. అమ్మకి పక్షవాతం వచ్చింది. శనివారం పొలం గట్టు మీద పడిపోయింది. అప్పట్నించి కళ్లు తెరవలా," అంది.

వర్ని దగ్గర ఒక క్యాంపు వాళ్లది. కాలువ నీళ్లొచ్చిన కాలంలో కోస్తానుంచి రైతులు వచ్చి స్థిరపడిన ఊళ్లను ఇక్కడ క్యాంపులనే అంటారు. అమ్మాయి పేరు స్రవంతి. తల్లి పేరు అడిగితే కమల అని చెప్పింది. నేను తలవంచి ప్రార్థన మొదలుపెట్టాను. 'కమల' అన్న మాట నా నోట్లోంచి రాలేదు. ఎంత ప్రయత్నించినా రాలేదు. కళ్లు తెరిచి ఆమె మొహం చూశాను. జారిపోని వైపు చూశాను.

"కరుణా," అన్నాను మెల్లగా.

ఆమె కళ్లు తెరిచింది.

స్రవంతి కుర్చీలోంచి లేచి నిలబడింది. "మీకెలా తెలుసు? అది అమ్మ పుట్టింటి పేరు. అత్తారింటికొచ్చాక కమల అని మార్చారు. ఇక్కడ ఎవరికీ తెలీదు!"

నేను కరుణ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆ చేతి మీద తెల్లటి టేపు ఉంది.

ఇన్నేళ్లు ఆమె నాకు అంత దగ్గర్లో ఉంది. బాన్సువాడ బజారుకు వచ్చేది. మేమిద్దరం ఒకే దుకాణాల్లో బట్టలు కొన్నాం. ఒకరికొకరం ఎదురుపడ్డామో, గుర్తుపట్టక తప్పుకుపోయామో తెలియదు.

ఆ రోజు స్రవంతి ఇంకొక మాట చెప్పింది. అంతకుముందు రోజు, ఆదివారం మధ్యాహ్నం, తల్లికి ఊపిరి ఆగినంత పనైందట. డాక్టరు పరుగున వచ్చి గుండె మీద నొక్కి ఏవేవో చేశాక మళ్లీ వచ్చిందట. ఇక ఆశ లేదు, ఇంటికి తీసుకుపోదామని బంధువులు అంటున్నారట. సరిగ్గా ఏ వేళకు అని నేను అడగలేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.

ఆమె కళ్లు తెరిచింది కాబట్టి బంధువులు ఆగారు. మరునాడే నిజామాబాదు తీసుకెళ్లాం. స్రవంతికి తోడుగా నేనూ వెళ్లాను. గ్రూపులో ప్రార్థనలు ఆగలేదు. నెల తిరిగేసరికి కరుణ లేచి కూర్చుంది. మాట మాత్రం చాలాకాలం రాలేదు. వీడియో కాల్ సంగతి ఆమెకు చెప్పకూడదని మేమందరం అనుకున్నాం. జబ్బు మనిషిని భయపెట్టడం ఎందుకని. స్రవంతికి కూడా చెప్పలేదు.

వరికోతల కాలంలో ప్రభుదాస్, విజయ ఆమెను చూడటానికి వచ్చారు. ముగ్గురం కలిసి క్యాంపుకు వెళ్లాం. రోడ్డుకు ఒకవైపంతా వడ్లు ఆరబోసి ఉంటే ఆటో నెమ్మదిగా పోయింది. కరుణ వరండాలో మంచం మీద కూర్చుని ఉంది. విజయ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి వదల్లేదు. ప్రభుదాస్ పాత పాట ఎత్తుకుంటే కరుణ కూడా పెదాలు కదిపింది. ఎంతో సంతోషంగా గడిచింది. స్రవంతి టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

అప్పుడు కరుణ నా వైపు చూసింది. అప్పటికి మాటలు వస్తున్నాయి, కానీ ఒక్కొక్కటీ వెతుక్కుని తెచ్చినట్టుండేవి.

"సుశీ, ఆ రోజు నువ్వు... నా మొహంలోకే చూశావు. చూసి, ఎవరూ లేరన్నావు."

ప్రభుదాస్ చేతిలో మంచినీళ్ల గ్లాసు అలాగే ఉండిపోయింది.

"ఏ రోజు?" అన్నాను, తెలిసి కూడా.

"మీ చర్చిలో. పుస్తకాలకు ఫోన్ ఆనించుకున్నావే. అందులోంచి వీడు నన్ను చూశాడు. నువ్వొచ్చి నా ఒళ్లో చెయ్యి పెట్టి కొట్టావు. నీ చెయ్యి వెచ్చగా ఉంది. పిలుద్దామంటే నాకు గొంతు రాలా."

కరుణ మా చర్చి గడప ఎప్పుడూ తొక్కలేదు. అది ఎక్కడుందో కూడా ఆమెకు తెలియదు. నేను ప్రభుదాస్ వైపు, విజయ వైపు చూశాను. వాళ్లిద్దరూ మేం చెప్పలేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆ తర్వాత వాళ్లను, ఆ రోజు కాల్‌లో ఉన్న మిగతావాళ్లను విడివిడిగా కూడా అడిగాను. వాళ్లు అబద్ధమాడే మనుషులు కారు.

ఆమె చెయ్యి పట్టుకుని, "నాకు కనబడలేదే కరుణా, నిజంగా కనబడలేదు. ఖాళీ బెంచీనే చూసిన నేను," అన్నాను.

కరుణ నన్ను వింతగా చూసింది. నేను పరాచికమాడుతున్నాననుకుందేమో.

"ఖాళీ ఏంటి సుశీ? రెండు బెంచీలూ నిండా ఉన్నారుగా. నాకు చోటే లేకపోతే ఒక ముసలామె జరిగి కూర్చోబెట్టింది. అందరూ నీ వైపే చూస్తున్నారు. ఎంత పెద్ద సంఘమో అనుకున్నా."

స్రవంతి టీ తీసుకొచ్చింది.

డాక్టర్లను అడిగితే, మెదడుకు దెబ్బ తగిలినప్పుడు కలలూ నిజాలూ కలిసిపోతాయన్నారు. ఒప్పుకుంటాను. కానీ ఆమె కల తెనాలిలో ఉన్న మనిషి ఫోన్లో ఎలా కనబడింది? నా చెయ్యి సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? మా ఆయన ఆ మాటలన్నీ విని, "ఈ ముచ్చట సంఘంల చెప్పకు," అన్నారు. నమ్మారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కరుణ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. పొద్దున్నే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెడుతుంది, ఆగి ఆగి, మా అందరి పేర్లు పలుకుతుంది. ఆదివారం కాల్‌లో తనూ ఉంటుంది. నేను మాత్రం ఇంట్లోంచే చేరుతున్నాను. సిగ్నల్ తెగిపోతుంటుంది, పోనీ అనుకుంటాను.

శనివారం చర్చి ఊడవడం ఇప్పటికీ నా పనే. పట్టపగలే వెళ్తాను. తలుపులు, కిటికీలు అన్నీ తెరుస్తాను. ఊడ్చాక నడుం నొప్పెడితే కాసేపు ఆ బెంచీ మీద కూర్చోవాలనిపిస్తుంది. కూర్చునే ముందు ఒక్క క్షణం ఆగుతాను, ఎవరైనా జరుగుతారేమో అన్నట్టు.